‘మీరు’ అంటూనే కోపం చెప్పుకోవడం

నా భర్తకు మరొకరితో సంబంధం ఉందని తెలిసిన తరువాత మూడు నెలల పాటు నేను వైద్యులకు చెప్పినవన్నీ ఒంటి బాధలే: తలనొప్పి, గుండెల మీద బండ పెట్టినంత బరువు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ. పరీక్షలన్నీ సవ్యంగానే వచ్చాయి. చివరకు ఒక వైద్యురాలు డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి నా చేతికిచ్చారు. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 పాయింట్లు, ఎక్కువ వచ్చేకొద్దీ జబ్బు తీవ్రమని అర్థం. నాకు 19 వచ్చాయి. చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన వస్తోందా అని అడిగే చివరి ప్రశ్న దగ్గర నా కలం చాలాసేపు ఆగింది. ‘కొన్ని రోజులు’ అన్న గడిలో గుర్తు పెట్టి, కాగితం బోర్లించి ఇచ్చాను. ఆమె దాన్ని తిప్పి చూసి, మొదట ఆ ఆలోచన గురించే నన్ను నేరుగా అడిగారు. అలా అడిగినందుకు ఆమెకు ఈనాటికీ ఋణపడి ఉన్నాను.

డిప్రెషన్ తగ్గించే ఎస్సిటలోప్రామ్ అనే మాత్ర మొదలుపెట్టారు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పారు. అలాగే నాలుగో వారానికి గాని నిద్ర కుదుటపడలేదు.

దంపతుల చికిత్స అంత సులువుగా కుదరలేదు. పెద్దలు ‘సర్దుకుపో’ అన్నారు. మేము మొదట కలిసిన కౌన్సెలర్ ‘మీ గురించి మాత్రమే ఆలోచించుకోండి’ అన్నారు. రెండు మాటలూ నా నోరు నొక్కినవే. రెండో థెరపిస్టు మాత్రం, మానసిక జబ్బుల నిర్ధారణకు వాడే డీఎస్‌ఎమ్-5 అనే పుస్తకంతో పాటు 2013లో వచ్చిన, సాంస్కృతిక నేపథ్యాన్ని తెలుసుకునే పదహారు ప్రశ్నల ఇంటర్వ్యూతో మొదలుపెట్టారు. ఈ కష్టాన్ని మీ వాళ్లకైతే ఏ మాటల్లో చెబుతారని అడిగినప్పుడు, డిప్రెషన్ అన్న పదం నా నోట రాలేదు, ‘తలెత్తుకోలేకపోతున్నాను’ అన్నాను. నా జబ్బులో సిగ్గు పాలు ఎంతో నాకు ఆ క్షణంలోనే తెలిసింది.

నేను ఎంత కోపంలోనూ ఆయనను ‘మీరు’ అనే అంటానని ఆవిడ గమనించారు. మర్యాద వదిలేయమని చెప్పలేదు. ఆ మాటతోనే కోపమంతా చెప్పగలరేమో చూడమన్నారు. ‘మీరు నన్ను నలుగురిలో ఒంటరిని చేశారు’ అని నేను అన్నప్పుడు ఆయన సంజాయిషీ మొదలుపెట్టబోయారు. ఆవిడ చేయెత్తి ఆపి, ముందు విన్నదాన్ని తిరిగి చెప్పమన్నారు. ఆయన మూడుసార్లు ప్రయత్నించారు. మూడోసారి ఆయన గొంతు పూడుకుపోయింది.

ఆ సంబంధం పూర్తిగా తెగిపోయి ఉండాలన్నది మొదటి షరతు. తరువాత తగిలిన గాయాన్ని చెప్పుకోవడం, అది ఎందుకు జరిగిందో తెలుసుకోవడం, కలిసి ఉండాలో లేదో తేల్చుకోవడం అన్న వరుసలో నడిచాము. రెండో దశే నాకు అన్నిటికంటే కష్టమైంది, ఎందుకంటే కారణం వెతకడమంటే తప్పులో నాకూ వాటా అంటగట్టడమేనని భయపడ్డాను. కారణం వేరు, సాకు వేరు అని ఆవిడ ప్రతి సెషన్‌లోనూ గీత గీసినట్టు చెప్పేవారు. ఎంచుకున్నది ఆయనే కనుక బాధ్యత ఆయనదే. ఇంట్లో నా ప్రశ్నలకు సాయంత్రం అరగంట కేటాయించారు. ఆ అరగంట దాటితే నేను అడగకూడదు. ఆ అరగంటలో ఆయన తప్పించుకోకూడదు.

ఎనిమిది నెలల తరువాత నా స్కోరు 6. కోలుకోగానే మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చని మాత్ర ఇంకా కొనసాగిస్తున్నారు. కలిసి ఉండాలని నిర్ణయించుకున్నాము, నమ్మకం మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు. కొన్ని సాయంత్రాలు అడగడానికి నా దగ్గర ఏమీ ఉండదు. ఆయన వేళకు వచ్చి, ఫోన్ పక్కగదిలో పెట్టి, నా ఎదురుగా కూర్చుంటారు.