పళ్లెంలో నూనె చుక్కలు

ఇటలీలోని నేపుల్స్‌లో మూడు రోజులుగా తలనొప్పి తగ్గలేదు. ఇంటి యజమానురాలు, డెబ్భై దాటిన పెద్దావిడ, నన్ను వంటగదిలో కూర్చోబెట్టి పళ్లెంలో నీళ్లు పోశారు. ఆలివ్ నూనెలో వేలు ముంచి మూడు చుక్కలు విడిచారు. అవి గుండ్రంగా నిలవలేదు, పలచగా విచ్చుకుపోయాయి. "మలోక్కియో" అన్నారు. అంటే దిష్టే! ఏదో గొణుగుతూ ఒకటే ఆవులింతలు, కళ్ల నిండా నీళ్లు. దిష్టి ఎంత గట్టిదైతే తీసేవారికి అన్ని ఆవులింతలట. ఆ మంత్రం మాత్రం చెప్పలేదు. క్రిస్మస్ ముందు రాత్రే ఒకరి నుంచి ఒకరికి అందాలట, ఆవిడకు వాళ్ల అమ్మమ్మ అలాగే నేర్పారట. ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసే మా నాయనమ్మ గుర్తొచ్చి గొంతు పూడుకుపోయింది. కొత్త నీళ్లలో చుక్క చెదరకుండా నిలిచేదాకా ఈ పెద్దావిడ నా చేయి వదలలేదు.