భయం తీరకముందే పిల్లల మాట

"నీ పిల్లలందరు యెహోవాచేత ఉపదేశము నొందుదురు, నీ పిల్లలకు అధిక విశ్రాంతి కలుగును." (యెషయా 54:13)

యుద్ధంలో సర్వం పోగొట్టుకున్న యెరూషలేముకు దేవుడు ఇచ్చిన మాట ఇది. దీనికి ముందు వచనాల్లో ఆ పట్టణం పునాదుల్ని, గుమ్మాల్ని రత్నాలతో కడతానంటాడు. తర్వాతి వచనంలో ఇక భయపడక్కర్లేదంటాడు. ఈ రెండింటి నడుమ పిల్లల చదువు వచ్చింది. ముందు అంతా సర్దుకోనీ, పిల్లల సంగతి తర్వాత చూద్దాం అని ఆయన అనలేదు. ఈ వరస నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది.

ఫిబ్రవరి 8 పునీత జోసఫీన్ బకితా పండుగ. సూడాన్‌లోని దార్ఫూర్‌లో పుట్టిన ఆమెను చిన్నప్పుడే ఎత్తుకుపోయి బానిసగా అమ్మేశారు. ఎన్నో చేతులు మారి చివరికి ఇటలీ చేరింది. వెనిస్‌లో కనోస్సియన్ సిస్టర్ల దగ్గర దేవుని గురించి నేర్చుకుంది. యజమానురాలు వెనక్కి తీసుకెళ్లడానికి వస్తే రానని తెగేసి చెప్పింది. 1890లో జ్ఞానస్నానం పొంది, తర్వాత ఆ సభలోనే సిస్టర్ అయింది. 1947 ఫిబ్రవరి 8న కన్నుమూసింది.

అదే తేదీన, 2000లో, ఆమె పుట్టిన దేశంలోనే అప్పటి అంతర్యుద్ధంలో, నూబా కొండల్లో కౌదా దగ్గరున్న హోలీ క్రాస్ స్కూల్ మీద ప్రభుత్వ విమానం బాంబులు వేసింది. ఎల్ ఒబెయిద్ కతోలిక మేత్రాసనం (బిషప్ కింద ఉండే ప్రాంతం) నడిపిన స్కూల్ అది. చెట్ల కింద పాఠం వింటున్న పిల్లల్లో, టీచర్లలో కనీసం 14 మంది పోయారు. ఆ ఏడాది అక్టోబరు 1న బకితాను పునీతురాలిగా ప్రకటించారు. ఈ రెండు తేదీల్నీ పక్కపక్కన పెట్టుకుని ప్రార్థించడం కష్టం. ప్రభువా, ఉపదేశం పొందుతారన్నావు, ఉపదేశం వింటున్నప్పుడే కదా వాళ్లు చనిపోయారు? ఇలా అడగొచ్చు. కీర్తనల్లో భక్తులు ఇంతకంటే గట్టిగానే అడిగారు. అంతా దేవుని చిత్తమే అని ఆ తల్లుల ముందు నిలబడి నేనైతే అనలేను.

2011లో అక్కడ మళ్లీ యుద్ధం మొదలయ్యాక స్కూళ్ల పక్కన గోతులు తవ్వుకున్నారు. విమానం చప్పుడు వినపడితే పరుగెత్తకూడదు. గోతిలోకి దిగి నేలకు కరుచుకుని పడుకోవాలి. చప్పుడు పోయాక లేచి, మట్టి దులుపుకుని మళ్లీ క్లాసుకు వెళ్లాలి. అక్షరాలతో పాటు ఆ పిల్లలకు ఇది కూడా నేర్పాల్సి వచ్చింది.

బిల్డింగ్ ఒక్క రోజులో కూలిపోతుంది. అందుకే అక్కడ పనిచేసే మిషనరీలు టీచర్లను తయారు చేయడం మీద పెట్టిన శ్రద్ధ నాకు గొప్పగా కనిపిస్తుంది. సూడాన్ రాజధాని ఖార్టూంలో 1881లో చనిపోయిన మిషనరీ బిషప్ దానియేలు కొంబోని 1864లోనే, ఆఫ్రికాను ఆఫ్రికా ప్రజల చేతనే నిలబెట్టాలని ప్రణాళిక రాశాడు. ఈ కాలంలో అనేక మఠ సభలు చేతులు కలిపి 'సాలిడారిటీ విత్ సౌత్ సూడాన్' పేరుతో టీచర్ ట్రైనింగ్ నడుపుతున్నాయి. 2013 డిసెంబరులో దక్షిణ సూడాన్‌లో అంతర్యుద్ధం మొదలయ్యాక మలకాల్‌లోని వాళ్ల సెంటర్ దోపిడీకి గురైంది. పని మాత్రం యాంబియో కాలేజీలో సాగింది. బయట ఒకరినొకరు చంపుకుంటున్న తెగల యువతీయువకులు అక్కడ ఒకే క్యాంపస్‌లో ఉంటూ, ఒకే చోట తింటూ, రేపు పిల్లలకు చెప్పబోయే పాఠాలు కలిసి సిద్ధం చేసుకుంటారు. యెషయా చెప్పిన విశ్రాంతి ఇలా కూడా మొదలవుతుందని నేను నమ్ముతున్నాను.

2023 ఏప్రిల్‌లో ఖార్టూంలో యుద్ధం వచ్చి పడింది. 1929లో అక్కడ మొదలైన కొంబోని కాలేజీకి చెందిన అధ్యాపకులు పోర్ట్ సూడాన్‌కు వెళ్లి, కొన్ని క్లాసులు ఆన్‌లైన్‌లో చెప్తూ చదువు ఆగకుండా చూశారు.

ఈ బకితా పండుగకు సూడాన్ కోసం ప్రార్థిస్తూ, శాంతి ఇవ్వమనే ఒక్క మాటతో ఆపేయొద్దు. జీతం ఆలస్యమైనా క్లాసుకు వెళ్తున్న టీచర్ల కోసం అడుగుదాం. యుద్ధంలో సర్టిఫికెట్లు పోయిన విద్యార్థుల కోసం, శరణార్థి శిబిరాల్లో మళ్లీ ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టిన పెద్ద పిల్లల కోసం అడుగుదాం. కౌదాలో ఆ రోజు పోయిన పిల్లల తల్లిదండ్రుల్ని కూడా ప్రభువు ముందు పేరుపేరునా తలుచుకోవాలని ఉంది. ఆ పేర్లు ఆయనకు తెలుసు.