గుంటూరు ప్లీడరు ఆర్బిట్రేటరైతే

ఆర్బిట్రేషన్ అంటే తగాదాను కోర్టులో కాకుండా మధ్యవర్తి దగ్గర తేల్చుకోవడం, ఆ మధ్యవర్తే ఆర్బిట్రేటరు. ఆ చట్టంలో 2019లో చేర్చిన 42ఏ సెక్షన్ ప్రకారం విచారణలో జరిగినవి ఆర్బిట్రేటరు బయట పెట్టకూడదు. అందుకని ఇందులో పార్టీలెవరో, తగాదా ఎంత సొమ్ము మీదో, ఎవరు గెలిచారో ఉండదు. కోల్డ్ స్టోరేజీ కట్టిన కాంట్రాక్టరుకూ, కట్టించుకున్న యజమానికీ మధ్య గొడవ అనుకోండి చాలు. అది కూడా కొంత మార్చే రాస్తున్నాను. చెప్పదలచుకున్నది నా సంగతి: ముప్ఫై ఏళ్లకు పైగా ఒక పక్షం తరఫున మాట్లాడడమే వృత్తిగా బతికినవాడు, ఏ పక్షమూ లేని కుర్చీలో ఎలా నెగ్గుకొచ్చాడన్నది.

నా ప్రాక్టీసంతా గుంటూరు సివిల్ కోర్టుల్లోనే. ప్రోనోట్ల దావాలు, మిర్చి కమీషన్ ఏజెంట్లకూ ఎగుమతిదారులకూ మధ్య బాకీలు, కోల్డ్ స్టోరేజీలో పెట్టిన టిక్కీల్లో (మిర్చి బస్తాల్లో) కాయ రంగు పోయిందని నష్టపరిహారం అడిగే కేసులు, జిన్నింగు మిల్లు భాగస్వాముల లెక్కలు. చిట్టా, ఆవర్జా లాంటి వ్యాపారుల లెక్కల పుస్తకాలు చదవడం సీనియరు గారి దగ్గర నేర్చుకున్నాను. అంకెలకన్నా ముందు సిరా చూడమనేవారు. ఏడాది పొడవునా జరిగిన పద్దులన్నీ ఒకే సిరాతో, ఒకే తీరు చేతిరాతతో కనిపిస్తే ఆ పుస్తకం ఒక్క రాత్రిలో పుట్టిందని అర్థం. ఇప్పుడు పుస్తకాల బదులు కంప్యూటర్ ప్రింట్లు వస్తున్నాయి, సిరా చూసే విద్య పోయింది. అనుమానించే అలవాటు మాత్రం మిగిలింది.

నియామకం హైకోర్టు నుంచి వచ్చింది. తగాదా వస్తే ఆర్బిట్రేటరును యజమానే నియమిస్తాడని ఒప్పందంలో ఉంది. పాత ఒప్పందాలను చూసి దించుకునేవారి వల్ల ఈ షరతు ఇంకా బతికే ఉంది. ఫలితంతో ప్రయోజనం ముడిపడి ఉన్నవారు ఏకైక ఆర్బిట్రేటరును తామే నియమించుకోవడం చెల్లదని 2019లోనే పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. దాంతో ఆర్బిట్రేటరును నియమించమని కాంట్రాక్టరు 11వ సెక్షన్ కింద నేలపాడులోని హైకోర్టుకు వెళ్లాడు.

నియమించే ముందు ఆర్బిట్రేటరు చట్టంలోని ఆరో షెడ్యూలు నమూనాలో వెల్లడి పత్రం ఇవ్వాలి. పార్టీలతో పూర్వ సంబంధాలు, చేతిలో ఉన్న ఇతర ఆర్బిట్రేషన్లు, ఏడాదిలోగా పని పూర్తిచేయగలమా అన్న సంగతి, అన్నీ రాయాలి. గుంటూరులో ఇన్నేళ్లు ప్రాక్టీసు చేసినవాడికి ఇది అంత తేలిక కాదు. ఎవరి తరఫున వాదించానో కన్నా ఎవరి తరఫున వాదించలేదో గుర్తుచేసుకోవడమే సులువు. నా గుమాస్తా అటక మీది ఫైళ్ల కట్టలు దింపి, యజమాని బావమరిది భాగస్వామిగా ఉన్న మిల్లుకు నేనెప్పుడో అప్పీలు వేశానని కనిపెట్టాడు. లాయరుగా పనిచేసిన సంబంధాల విషయంలో, పక్షపాతం అనుమానానికి తావిచ్చే సంగతుల జాబితా అయిన ఐదో షెడ్యూలు చూసేది గత మూడేళ్లనే. "ఇది రాయక్కర్లేదు కదండీ" అన్నాడు. రాశాను. దాచిన చిన్న సంగతి రేపు అవార్డును, అంటే ఆర్బిట్రేటరు ఇచ్చే తీర్పును, సవాలు చేసే పిటిషన్లో నాలుగు పేజీలై కూర్చుంటుంది. ముందే చెబితే అభ్యంతరం లేదన్న ఒక్క వాక్యంతో పోతుంది. అలాగే పోయింది.

తొలి సిట్టింగు విజయవాడలో ఒక హోటలు మీటింగు గదిలో జరిగింది. గది అద్దె, కాఫీలు కలిపి వచ్చిన బిల్లు చూశాక రెండు పక్షాలూ మొట్టమొదటిసారి ఒక మాట మీదికి వచ్చాయి: ఇకపై గుంటూరు బ్రాడీపేటలో నా ఆఫీసులోనే కూర్చుందామని. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ సీటు, అంటే ఏ ఊరి కోర్టుకు దీనిమీద అధికారమో తేల్చే చోటు, విజయవాడ అని ఉంది. కూర్చునే చోటు మారినంత మాత్రాన సీటు మారదని, అవార్డును సవాలు చేయాలంటే విజయవాడ కమర్షియల్ కోర్టుకే వెళ్లాలని మినిట్స్‌లో రాయించి ఇద్దరి సంతకాలూ తీసుకున్నాను. ఏ కోర్టుకు అధికారం ఉందన్న ఒక్క ప్రశ్న మీద కేసులు ఎన్నేళ్లు నడుస్తాయో నాకు తెలుసు. కొన్ని నేనే నడిపాను.

ఫీజు మాట ఎత్తడం ఇబ్బంది అనిపించింది. క్లయింట్లతో ఆ సంగతి గుమాస్తా చూసుకునేవాడు. ఇక్కడ గెలవబోయేవాడూ ఓడబోయేవాడూ ఎదురుగా కూర్చుని ఉంటారు, చెరి సగం కట్టాలి. ఆర్బిట్రేటరు తన ఫీజును తానే ఏకపక్షంగా నిర్ణయించుకోకూడదని ఓఎన్‌జీసీ, ఆఫ్కాన్స్ కేసులో 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టంలోని ఫీజుల పట్టిక, నాలుగో షెడ్యూలుకు ఇద్దరూ ఒప్పుకున్నారు. దాని ప్రకారం 50 లక్షల క్లెయిమ్ అయితే 20 లక్షల వరకు 97,500 రూపాయలు, ఆ పైమొత్తం మీద 3 శాతం, అంటే 1,87,500. ఆర్బిట్రేటరు ఒక్కడే అయితే దానిమీద ఇంకో 25 శాతం. ఎదురు క్లెయిమ్ ఉంటే దానికి విడిగా లెక్క. షెడ్యూలు బల్ల మీద పెట్టి, లెక్క వాళ్ల లాయర్లనే వేయమన్నాను.

ఇక అసలు కష్టం విచారణలో. నా జీవితమంతా సాక్షి నోట మాట రాబట్టడంలో గడిచింది. కుర్ర లాయరు ఒకాయన కాంట్రాక్టరును క్రాస్ చేస్తున్నాడు. గోడల్లో చలి నిలవడానికి వాడిన పఫ్ ప్యానెళ్ల మందం దగ్గర సాక్షి తడబడ్డాడు. అక్కడే పట్టుకోవాలి. లాయరు అది గమనించకుండా బిల్లుల తేదీల్లోకి వెళ్లిపోయాడు. తర్వాతి ప్రశ్న నా నాలుక చివర ఉంది, దాని తర్వాతిదీ ఉంది. నేను అడిగితే అది యజమాని తరఫు ప్రశ్న అవుతుంది. ఆర్బిట్రేటరు ప్రశ్నలు అడగకూడదని చట్టంలో లేదు. కానీ స్పష్టత కోసం అడగడానికీ, ఒక పక్షం వదిలేసిన ఖాళీని పూడ్చడానికీ తేడా ఉంది. లాయరుగా పండినవాడికే ఆ గీత దాటాలన్న తహతహ ఎక్కువ. ఒక కాగితం ముక్క మీద ప్రశ్న రాసుకుని బోర్లించి పెట్టడం మొదలుపెట్టాను. సాక్ష్యం ముగిశాక ఆ ముక్కలు తిరగేసి, వాటిలో నిజంగా నాకు అర్థం కానివి ఏవో, కేవలం చేయి దురద వల్ల రాసినవి ఏవో వేరు చేసేవాణ్ని. రెండో రకమే ఎక్కువ ఉండేవి. మొదటి రకంలో ఏదైనా అడిగితే, దానిమీద సాక్షిని మళ్లీ ప్రశ్నించే అవకాశం ఇద్దరికీ ఇచ్చాను.

వాయిదాల దగ్గర మాత్రం పాత వృత్తి బాగా పనికొచ్చింది. నేను వాడని సాకంటూ ఉంటే కదా! డాక్టరు సర్టిఫికెట్టు, దూరపు బంధువు పెళ్లి, దొరకని ఒరిజినల్ కాగితం, అన్నీ పాత చుట్టాలే. సరైన కారణం లేకుండా వాయిదా అడిగితే ఖర్చులు వేయవచ్చని 24వ సెక్షన్ చెబుతుంది. ఒకసారి వేశాను, ఆ తర్వాత అవసరం రాలేదు. మిర్చి సీజను గురించి యజమాని చెప్పినది వేరే సంగతి. ఫిబ్రవరి నుంచి యార్డుకు సరుకు పోటెత్తుతుంటే కోల్డ్ స్టోరేజీ నడిపేవాడికి ఊపిరాడదు. అది సాకు కాదు. ఆ నెలల్లో సాయంత్రాలు కూర్చున్నాం. వాదప్రతివాదాల కాగితాలు దాఖలు కావడానికి ఆరు నెలలు, అక్కడి నుంచి అవార్డుకు పన్నెండు నెలలు గడువు. పార్టీలు ఒప్పుకుంటే ఇంకో ఆరు నెలలు పెంచుకోవచ్చు, ఆపైన కోర్టుకు వెళ్లాల్సిందే. ఆలస్యానికి కారణం ఆర్బిట్రేటరేనని తేలితే నెలకు 5 శాతం వరకు ఫీజు కోయవచ్చు. జడ్జీలకు ఇలాంటి సెక్షన్ లేనందుకు కొందరు లాయర్లు విచారిస్తారు.

మధ్యలో రెండు వైపుల పెద్దమనుషులూ ఒక ఆశతో ఉన్నారని అర్థమైంది. చివరికి చెరి సగం చేసి పంపిస్తానని. మన పంచాయితీల అలవాటు అది. ఆర్బిట్రేటరు అలా చేయకూడదు. పార్టీలు స్పష్టంగా అధికారం ఇస్తే తప్ప, ధర్మం తోచినట్టు తీర్పు చెప్పే వీలు 28వ సెక్షన్ ఇవ్వదు. ఒప్పందం ఏమంటే అదే. రాజీకి మాత్రం చట్టం తలుపు తెరిచే ఉంచింది. ఒక రోజంతా వాళ్లకు వదిలేశాను. పక్క గదిలో టీలు తాగి, పాత స్నేహం గుర్తుచేసుకుని, చివరికి ఇంకాస్త కోపంతో బయటికి వచ్చారు.

అవార్డు రాయడానికి అనుకున్నదానికన్నా ఎక్కువ కాలం పట్టింది. వాదన రాసేటప్పుడు మనకు పనికిరాని కాగితాన్ని పక్కన పెట్టేస్తాం. ఇక్కడ పక్కన పెట్టిన ప్రతి కాగితానికీ కారణం చెప్పాలి. ఓడే పక్షం చేసిన వాదనలన్నీ వరసగా రాసుకుని, ఒక్కోదానికీ జవాబు ఏ పేరాలో ఉందో అంచున గుర్తు పెట్టుకున్నాను. జవాబు లేనివి దొరికాయి, మళ్లీ రాశాను. వడ్డీ దగ్గర ఇంకో తంటా. క్లెయిమ్‌లో 24 శాతం అడిగారు, బజారులో రెండు రూపాయల వడ్డీ నడుస్తోందని. ఒప్పందంలో వడ్డీ ఊసు లేదు. అలాంటప్పుడు 31వ సెక్షన్ ఆర్బిట్రేటరును కోరేది సహేతుకమైన రేటు. నేను ఎంత ఇచ్చానో ఇక్కడ చెప్పను. ఎందుకిచ్చానో అవార్డులో వివరంగానే రాశాను.

నేను కోటు తొడిగిన కొత్తలో 1940 నాటి చట్టం ఉండేది. ఆర్బిట్రేటరు ఇచ్చిన అవార్డును కోర్టులో దాఖలు చేసి, దాని మీద డిక్రీ తెచ్చుకుంటే తప్ప పైసా రాలేది కాదు. 1996 చట్టం ఆ మెట్టు తీసేసింది. 2015 సవరణ తర్వాత సవాలు పిటిషన్ వేసినంత మాత్రాన అమలు ఆగదు, స్టే విడిగా తెచ్చుకోవాలి. సవాలుకు మూడు నెలలు, తగిన కారణం చూపితే మరో ముప్ఫై రోజులు. ఆ గడువు సంతకం చేసిన ప్రతి అందిన రోజు నుంచి లెక్క కాబట్టి, ఇద్దరి చేతా తేదీ వాళ్ల చేతిరాతతోనే వేయించి రసీదు తీసుకున్నాను.

ఓడినవారు పిటిషన్ వేశారని తర్వాత విన్నాను. అవార్డును సమర్థించుకునే పని ఆర్బిట్రేటరుది కాదు, రికార్డు అడిగితే పంపడం వరకే. గెలిచినవారు మాత్రం ఫోను చేశారు.

"ప్లీడరు గారూ, డబ్బెప్పుడు వస్తుందండీ?"

అవార్డుతో నా అధికారం అయిపోయిందని, ఇక అమలు పిటిషన్ కోర్టులో వేసుకోవాలని చెప్పాను.

"అయితే అది మీరే వేసేయండి. కేసంతా మీకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?"

వేయకూడదని ఆయనకు నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇంతకాలం తన ఆర్బిట్రేషన్ నడిపిన లాయరు దగ్గరికే మళ్లీ వెళ్లమన్నాను. ఆ లాయరుకు ఇంకా ఫీజు బాకీ ఉందట.