పడమటి గుమ్మానికి దోమల జాలీ తలుపు: మూడు నెలల పని వివరం

2025 ఫిబ్రవరి 2

మా ఇల్లు విజయవాడ సింగ్‌నగర్‌లో, వీధి గుమ్మం పడమటి ముఖంగా ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు నీళ్లు ఆ గుమ్మంలోనుంచే లోపలికి వచ్చి రోజుల తరబడి నిలిచాయి. పాత జాలీ తలుపు ప్లైవుడ్‌ది కావడం వల్ల పొరలు పొరలుగా ఉబ్బి విడిపోయింది. ద్వారబంధం టేకుది గనుక నిలిచింది. అప్పటి నుంచి అయిదు నెలలు సాయంత్రమయ్యేసరికి తలుపు మూసుకునే గడిపాము. బందరు, రైవస్, ఏలూరు కాలువలు మూడూ పారే ఊరిలో చీకటి పడ్డాక జాలీ లేకుండా తలుపు తెరిచి ఉంచలేము. పగలంతా కాగిన రాతి కొండలు రాత్రి వేడిని విడిచే ఊరిలో, ఏప్రిల్ వచ్చాక మూసీ ఉంచలేము. ఆదివారాలు చెక్కపని, లోహపు పని చేసుకోవడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న అలవాటు. ఈ తలుపును నేనే చేసి, వృత్తి పనివారు బిగించే పద్ధతిలోనే బిగించాలని నిశ్చయించుకున్నాను.

మా బావమరిది అమెరికాలోని ఫీనిక్స్‌లో ఉంటాడు. అది ఎడారి నగరం. 2023 వేసవిలో అక్కడ వరుసగా 31 రోజులు ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటింది. అక్కడి ఇళ్లకు జాలీ తలుపులు బిగించే పనివారిని అతడు దగ్గరుండి చూశాడు. ఫోన్‌లో అతడు చెప్పిన మొదటి మాట ఇది: “బావా, వాళ్లు తలుపును కొలవరు. గుమ్మాన్ని కొలుస్తారు, అదీ మూడు చోట్ల. ఎక్కడ ఇరుకుగా ఉంటే ఆ కొలతే పట్టుకుంటారు.” ఎండకు లోహం సాగుతుంది కాబట్టి చుట్టూ సందు వదులుతారని, ఆ సందులోంచి దుమ్ము, పురుగులు, తేళ్లు రాకుండా తలుపు అంచుల వెంట వెంట్రుకల బ్రష్షు పట్టీతో మూస్తారని కూడా చెప్పాడు. మన దగ్గర తేళ్ల బదులు దోమలు. లోహానికి సందు ఇవ్వాలి, దోమకు ఇవ్వకూడదు. ఈ పనిలో అసలు చిక్కు ఇదే.

ఫిబ్రవరి 9

ఈ ఆదివారమంతా కొలతలకే సరిపోయింది. ద్వారబంధం లోపలి వెడల్పు పైన 908, మధ్యన 905, కింద 911 మి.మీ. వచ్చింది. ఎత్తు ఎడమ వైపు 2052, కుడి వైపు 2054. ఈ అంకెలు చూస్తే గుమ్మం బాగానే ఉందనిపిస్తుంది. మూల నుంచి మూలకు టేపు పట్టినప్పుడు అసలు సంగతి తెలిసింది: ఒక కర్ణం 2249, రెండవది 2242. కర్ణాలు సమానంగా లేవంటే చట్రం పక్కకు ఒరిగిందని అర్థం. దారానికి గుండు కట్టి వేలాడదీసి చూశాను. బందులు రావలసిన వైపు నిలువు పై నుంచి కిందికి వచ్చేసరికి 8 మి.మీ. పక్కకు పోయింది, రెండవ నిలువు కూడా దాదాపు అంతే అటువైపే ఒరిగింది. వరదలో పునాది మట్టి నాని కుంగడం వల్ల ఇలా జరిగిందని నా ఊహ.

మా వీధి చివర ఉండే పెద్ద వడ్రంగి మేస్త్రి గారిని పిలిచి చూపించాను. ఆయన గుండు దారం వైపు చాలా సేపు చూసి, “బాబూ, బంధం ఎటు ఒరిగితే తలుపు అటే నడుస్తుంది. దీనికే నేరుగా బందులు కొడితే తెరిచిన తలుపు తెరిచినచోట నిలవదు, తనంతట తానే మూసుకోవడమో, బార్లా తెరుచుకోవడమో చేస్తుంది. లోపల ఇంకో చట్రం నిలబెట్టి దాన్ని గుండుకు సరిచెయ్యండి,” అన్నారు. నేను అదే పద్ధతి ఎంచుకున్నాను.

ఆ ప్రకారం లెక్క ఇలా తేలింది. ఒరిగిన చట్రంలో నిటారుగా నిలిచే దీర్ఘచతురస్రం పట్టాలంటే, ఇరుకైన 905 లోంచి ఒరుగు 8 తీసేయాలి. బిగింపుకు మరొక 1 మి.మీ. వదిలితే లోపలి చట్రం బయటి వెడల్పు 896. దానికి 25 మి.మీ. చదరపు అల్యూమినియం గొట్టం వాడితే లోపల మిగిలేది 846. రెండు పక్కలా 3 మి.మీ. చొప్పున సందు తీసేస్తే రెక్క వెడల్పు 840. ఎత్తులో పైన చట్రానికి, సందుకు, కింద 10 మి.మీ. ఖాళీకి పోగా రెక్క 2014 అయింది. అల్యూమినియం ఒక్కొక్క డిగ్రీకి మీటరుకు 0.023 మి.మీ. సాగుతుంది. ఫిబ్రవరి ఉదయానికీ మే మధ్యాహ్నానికీ లోహం వేడిలో 40 డిగ్రీల తేడా అనుకుంటే, ఈ రెక్క ఎత్తులో దాదాపు 1.9, వెడల్పులో 0.8 మి.మీ. పెరుగుతుంది. పక్కన 3 మి.మీ. వదలడం అనవసరమేమోనన్న నా సందేహం ఈ లెక్కతో తీరింది: వెడల్పుకు ఒక మి.మీ. కూడా అక్కరలేదు గాని, వానాకాలంలో టేకు ఉబ్బినప్పుడు లోపలి చట్రాన్ని ఎంతో కొంత నొక్కుతుంది; మిగిలినది దానికోసం.

ఫిబ్రవరి 23

సామాను వన్‌టౌన్ హార్డ్‌వేర్ దుకాణాల్లో కొన్నాను. రెక్కకు 50×25 అల్యూమినియం సెక్షన్, తెల్ల పౌడర్ కోటింగు వేసినది తీసుకున్నాను. ముదురు గోధుమ రంగు చూడడానికి బాగుంటుంది గాని పడమటి ఎండకు తెలుపే తగినది. సెక్షన్ 12 అడుగుల పొడవుల్లో దొరుకుతుంది. ఒకదానిలోంచి ఒక నిలువు, రెండు అడ్డ కమ్మీలు, రెండవదానిలోంచి ఒక నిలువు, ఒక అడ్డ కమ్మీ కోస్తే రెండు పొడవులతో పని ముగుస్తుంది.

జాలీకి స్టెయిన్‌లెస్ స్టీలు 304 రకం తీసుకున్నాను. ఫైబర్‌గ్లాస్ జాలీ చవక, బిగించడం తేలిక. కాని పడమటి ఎండలో కొన్నేళ్లకు పెళుసుబారి, చెయ్యి ఆనిన చోట సాగి వేలాడుతుంది. 316 రకం ఉప్పు గాలి తగిలే సముద్రపు ఒడ్డు ఇళ్లకు అవసరం, మనకు అక్కరలేదు. అంగుళానికి ఒకవైపు 18, మరొకవైపు 16 తీగలు, తీగ మందం 0.28 మి.మీ. ఉన్న జాలీలో ఒక్కొక్క గడి 1.13×1.31 మి.మీ. వస్తుంది, మొత్తం విస్తీర్ణంలో గాలి పోయే ఖాళీ మూడింట రెండు వంతులు ఉంటుంది. ఇంతకన్నా సన్నని గళ్లు తీసుకుంటే గాలి ఇంకా తగ్గుతుంది.

స్క్రూలన్నీ స్టెయిన్‌లెస్‌వే, నైలాన్ వాషర్లతో. ఎడారి పొడిగాలిలో స్టీలూ అల్యూమినియమూ ఒకదాన్నొకటి తాకినా పెద్దగా నష్టం ఉండదు. మన వానాకాలపు తేమలో మాత్రం ఆ రెండూ కలిసిన చోట అల్యూమినియం తెల్లగా పొడిబారి తినేసుకుపోతుంది. అందుకే కోసిన ప్రతి అంచుకూ, తొలిచిన ప్రతి రంధ్రానికీ పెయింటు పూశాను.

మార్చి 9

జాలీ బిగించడంలో ఒక పూట వృథా అయింది, కాని ఈ పనిలో నేను ఎక్కువ నేర్చుకున్నది ఈ పూటే. రెక్కను బల్ల మీద పరిచి, జాలీని నాలుగు వైపులా చేత్తో బాగా లాగి పట్టుకుని, గాడిలో రబ్బరు బీడింగును (జాలీని గాడిలో పట్టి ఉంచే తాడు లాంటి పట్టీని) చిన్న చేతి చక్రంతో నొక్కుకుంటూ వెళ్లాను. పూర్తయ్యాక జాలీ డప్పులా మోగింది. సంతోషంతో టేపు పట్టి చూస్తే, నిలువు కమ్మీల మధ్య 740 ఉండవలసిన ఖాళీ నడుమ భాగంలో 736 మాత్రమే ఉంది. లాగిన జాలీ రెండు కమ్మీలనూ లోపలికి వంచేసింది. అలాగే బిగిస్తే గడియ వైపు నడుమన సందు 3 నుంచి 5 మి.మీ. అవుతుంది. పైగా వేడికి అల్యూమినియం స్టీలు కన్నా ఎక్కువ సాగుతుంది కాబట్టి ఎండాకాలంలో జాలీ మరింత బిగుసుకుని ఆ వంపు ఇంకా పెరుగుతుంది.

బీడింగు మొత్తం ఊడదీశాను. సరిగ్గా 740 పొడవుకు కోసిన చెక్క కర్రను నిలువు కమ్మీల మధ్య అడ్డంగా ఇరికించి, మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి జాలీని లాగలేదు, ముడతలు లేకుండా పరిచి వదిలేశాను. చక్రానికి ఒక అంచు ఉబ్బెత్తుగా, రెండవ అంచు గాడితో ఉంటుంది. ముందు ఉబ్బెత్తు అంచుతో ఖాళీ గాడి వెంట నడిపితే స్టీలు జాలీ గాడి ఆకారానికి మడత పడుతుంది. ఆ మడతలో బీడింగు పెట్టి, రెండవ అంచుతో నొక్కాలి. జాలీకి కావలసిన బిగువు బీడింగు దిగేటప్పుడు దానంతట అదే వస్తుంది. మూలల్లో జాలీని ఏటవాలుగా కత్తిరించకపోతే అక్కడ రెండు పొరలు పోగుపడి బీడింగు పైకి లేస్తుంది. తోలు చేతి తొడుగులు తప్పనిసరి, తెగిన తీగ కొనలు సూదుల్లా గుచ్చుకుంటాయి. కర్ర తీసి కొలిస్తే 739.5 వచ్చింది.

మార్చి 23

చట్రం నిలబెట్టాము, నేనూ మా అబ్బాయీ ఇద్దరం ఉంటేనే సాగే పని ఇది. టేకు ముక్కలను చిత్రిక పట్టి, ఒక కొన సున్నా, మరొక కొన 8 మి.మీ. ఉండేలా పొడవాటి చీలికలు చేసి, రెండు పక్కలా ఎదురెదురు దిశల్లో ఇరికించాము. గుండు దారం, రసమట్టం రెండింటితోనూ సరిచూసి, టేకులో ముందుగా 3 మి.మీ. రంధ్రం తొలిచి 4 మి.మీ. స్క్రూలు బిగించాను. చట్రంలో ప్రతి నిలువుకూ నడిమి రంధ్రం మాత్రమే గుండ్రం. మిగిలినవి నిలువుగా కోల రంధ్రాలు; లోహం సాగినప్పుడు స్క్రూ చుట్టూ జరగడానికి వీలుంటుంది. చీలికల అంచు వెంట సిలికాన్ పూశాను. సిమెంటు లక్కం అయితే మొదటి వేసవికే పగులుతుంది.

కింది అంచు విషయంలో ఎడారి పద్ధతిని వదిలేయవలసి వచ్చింది. అక్కడ నేల మీదే లోహపు పట్టీ బిగించి తలుపు దానికి ఆనేలా చేస్తారట. మా అమ్మ ప్రతి శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టే గడపలో మేకు దించే ప్రశ్నే లేదు, నాకూ ఇష్టం లేదు. అందుకని రెక్క అడుగునే ఒక యు ఆకారపు పట్టీ తొడిగి, దానికి బ్రష్షు అమర్చాను. పట్టీని కిందికీ పైకీ జరుపుకోవచ్చు. పాత గడప నడుమ అరిగి 2 మి.మీ. పల్లంగా ఉంది, బ్రష్షు వెంట్రుకలు ఆ పల్లాన్ని కూడా మూస్తున్నాయి.

మార్చి 30

ఉగాది. మామిడాకుల తోరణం కట్టడానికి ముందే రెక్కను మూడు బందులకు ఎక్కించాము. రెక్క బరువు 4.8 కిలోలు. సగం తెరిచి వదిలితే వదిలినచోటే నిలిచింది. ఆ తరువాత తలుపును మెల్లగా మూసే హైడ్రాలిక్ క్లోజర్ బిగించి, మూయడానికి 6 సెకన్లు పట్టేలా సరిచేశాను. ఖర్చు మొత్తం 7,150 రూపాయలు.

ఏప్రిల్ 20

సాయంత్రం నాలుగింటికి ఎండ సూటిగా తలుపు మీద ఉన్నప్పుడు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూశాను. తెల్ల రెక్క 52 డిగ్రీలు. అదే ఎండలో ఎదురింటి ముదురు గోధుమ రంగు గేటు 64. మెరిసే ఉత్త లోహం మీద ఈ థర్మామీటరు తక్కువ చూపిస్తుంది కాబట్టి రంగు ఉన్న చోటే చూడాలి. ఫీలర్ గేజితో (సన్నని సందులు కొలిచే పలుచని రేకులతో) కొలిస్తే ఉదయం 3 మి.మీ. ఉన్న పై సందు ఇప్పుడు 2.5. రెక్క ఎక్కడా రాసుకోవడం లేదు.

నేను ముందుగా ఊహించనిది క్లోజర్. వేడికి లోపలి నూనె పలుచబడి, తలుపు 6 సెకన్లకు బదులు 3 సెకన్లలోనే వచ్చి కొట్టుకుంటోంది. పక్కనున్న వాల్వు స్క్రూను పావు చుట్టు బిగిస్తే సరిపోయింది. చలికాలం రాగానే దాన్ని మళ్లీ వదులు చేయాలి, లేకపోతే తలుపు పూర్తిగా పడకుండా సగంలో ఆగిపోతుంది.

మే 4

పది రోజులుగా వీధి తలుపు రాత్రి పది వరకు తెరిచే ఉంచుతున్నాము. ఎదురుగా పెరటి కిటికీ తెరిస్తేనే గాలి ఆడుతోంది. అది మూసి ఉంటే జాలీ దగ్గరే ఆగిపోతోంది. ఎడారిలో పొద్దు వాలగానే చల్లబడుతుందని, ఇక్కడ గాలి కదిలితేనే ఒళ్లు ఆరుతుందని మా బావమరిదికి చెప్పాను. జాలీ మీద వీధి దుమ్ము పేరుకున్నందువల్ల మెత్తని బ్రష్షుతో, సబ్బు నీళ్లతో కడిగాను. గిన్నెలు తోమే పీచు వాడితే పౌడర్ కోటింగు గీతలు పడుతుంది.

గడియ పక్క బ్రష్షు కింది కొన దగ్గర రెండు అంగుళాల మేర వెంట్రుకలు వంగి, దీపం పెడితే వెలుతురు కనిపిస్తోంది. చీకటి గదిలో కూర్చుని, బయట నుంచి మా అబ్బాయి టార్చి చూపిస్తుంటే దొరికిన లోపం ఇది. ఆ ముక్క మార్చాను. ఇక మిగిలింది పెరటి గుమ్మం. ఈ ఉదయమే కొలిచాను. పైన 762, మధ్యన 760, కింద 760. కర్ణాలు రెండూ సమానం.