రంపపు పళ్లు

నైట్రోజన్ వాయువులోకి ఎలక్ట్రాన్లను పంపి, ఏ శక్తి దగ్గర అవి ఎంత చెదురుతాయో చూస్తున్నాను. రాత్రి పదకొండున్నరకు తెర మీది గీతలో మొదటి పన్ను లేచింది. తర్వాత రెండోది, మూడోది. చూపిద్దామంటే పక్కన వాక్యూమ్ పంపు తప్ప ఎవరూ లేరు.

నిన్నటి దాకా అక్కడ ఒకటే మొద్దు మూపురం. నేను పంపే ఎలక్ట్రాన్ల శక్తుల మధ్య తేడా పావు ఎలక్ట్రాన్ వోల్టు (ఇంత చిన్న శక్తులకు వాడే కొలమానం) దాటితే పళ్లన్నీ కలిసిపోతాయి మరి. వారమంతా దాన్ని తగ్గించడంతోనే సరిపోయింది.

2.3 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర నైట్రోజన్ అణువు ఎలక్ట్రాన్‌ను పట్టుకుంటుంది. కొన్ని ఫెమ్టోసెకన్లే (ఒక్కోటి సెకనులో లక్ష కోట్ల వంతులో వెయ్యో వంతు). అణువు ఒక్కసారి సాగి వెనక్కి వచ్చేంత సేపు. ఆ సాగి రావడమే తెర మీద పళ్లుగా కనిపిస్తుంది. చెప్పులైనా విప్పకుండా వెళ్లిపోయిన చుట్టం ఇల్లంతా ఊపేసినట్టు, ఎలక్ట్రాన్ పోయాక కూడా అణువు ఊగుతూనే ఉంటుంది.

1960లలోనే భౌతిక శాస్త్రవేత్త జార్జ్ షుల్జ్ కొలిచిన పళ్లే ఇవి. అయినా స్కాన్ మళ్లీ పెట్టాను.