అమ్మ చెవిలో మోజార్ట్

నిన్న రాత్రి మా అమ్మాయి కీబోర్డు మీద మోజార్ట్ 25వ సింఫనీ సాధన చేస్తోంది. వంటింట్లో నుంచి అమ్మ కేక వేసింది: "అమ్మలూ, అది టైటన్ వాచీల ప్రకటన కదే!"

చేతిలో పుస్తకం పక్కన పెట్టేశాను. నిజమే! 1773లో, తన 17వ ఏట మోజార్ట్ రాసిన స్వరాలవి. ఆ సింఫనీ మొదటి భాగంలోనివి. రెండు వందల ఏళ్లు దాటాక అవి మా ముందుగదిలోని టీవీలో మోగాయి. పాశ్చాత్య సంగీతం ఎన్నడూ నేర్చుకోని అమ్మ వాటిని ఇన్నేళ్లూ మనసులో దాచుకుంది. ఎంత ముచ్చటేసిందో చెప్పలేను.

ఇక ముగ్గురం కూర్చుని పాతవన్నీ తవ్వుకున్నాం. దూరదర్శన్ తెర మీద ఆ చిహ్నం తిరుగుతుంటే వినిపించే బాణీ పండిట్ రవిశంకర్‌దని చెబితే అమ్మాయి నమ్మలేదు. 'మాల్గుడి డేస్' దగ్గరకు వచ్చేసరికి నా గొంతు పూడుకుపోయింది. ఆ సంగీతం ఎల్. వైద్యనాథన్‌ది. వయొలిన్ విద్వాంసుడు ఎల్. సుబ్రమణ్యానికి అన్నగారు. మాటలే లేని ఆ కూనిరాగం వింటే నాకు ఇప్పటికీ ఎండాకాలం సెలవులే గుర్తొస్తాయి.

పొద్దున పూలు కోస్తూ అమ్మ అదే తీస్తోంది. వెనకాలే అమ్మాయి శ్రుతి కలిపింది.