బాపు దాచిన రష్యన్ రికార్డు

మా బాపు దాచిన, సోవియట్ రికార్డుల సంస్థ మెలోదియా వారి ఎల్పీ రికార్డును నిన్న హనుమకొండలోని ఇంట్లో మెత్తటి గుడ్డతో తుడిచి, నిమిషానికి 33⅓ చుట్ల వేగంతో తిప్పాను. రష్యన్ స్వరకర్త గ్లింకా 1848లో ఒక నెమ్మదైన పెళ్లిపాటను, ఒక హుషారైన నాట్యపు వరుసను అల్లి కూర్చిన 'కమారిన్‌స్కాయా' మొదట వినిపించింది. ఆ చిన్న వరుస మళ్లీ మళ్లీ వస్తున్నా, ప్రతిసారీ దాని చుట్టూ వాద్యాల రంగు మారడమే ఈ రచన గొప్పతనమని నా అభిప్రాయం. మా బతుకమ్మ పాటలోనూ ఒకే వరుస చప్పట్లతో ఇలాగే తిరుగుతూ మనసును పట్టి ఉంచుతుంది.

రెండో వైపు మరో రష్యన్ స్వరకర్త బొరోదిన్ 'ప్రిన్స్ ఇగోర్' అనే ఆపెరా (పాటల నాటకం) కోసం కూర్చిన పొలోవెట్సియన్ (ఒక సంచార తెగ) నాట్యాలున్నాయి. రసాయన శాస్త్రవేత్త కూడా అయిన ఆయన 1887లో మరణించే నాటికి ఆ ఆపెరా అసంపూర్తిగా ఉండగా, స్వరకర్తలు రిమ్‌స్కీ-కోర్సకోవ్, గ్లజునోవ్ దానిని పూర్తి చేశారు. చివరి నాట్యం ఉధృతమయ్యే చోట, బాపు చేతిలో పడిన గీత వల్ల, సూది కొద్దిగా చిటపటలాడుతుంది.